కింది వాటా గోడ

పైనుంచి గీకుడు చప్పుడు మళ్ళీ మొదలైంది.

పెద్ద మేస్త్రి చేతిలో టీ గ్లాసు నోటిదాకా వెళ్ళి ఆగిపోయింది. తలెత్తి కప్పువైపు చూశాడు. చప్పుడు కిటికీ దగ్గర్నుంచి తలుపు దగ్గరికి నడిచింది. కాసేపు ఆగి మళ్ళీ నడిచింది. పాత రంగు ఎక్కడ పెచ్చు లేచిందో, గుంటలు పూడ్చే లప్పం ఎక్కడ పెట్టాల్సి వస్తుందో, తమ్ముడి చెయ్యి ఇప్పుడు ఏ మూలన ఉందో కింద కూచునే చెప్పగలడు. ఆ చేతికి గోడ గీకడం నేర్పింది తనే.

"టీ చల్లారిపోతోంది," అంది భార్య.

ఆమె ముందుగది కిటికీ దగ్గర నిలబడి ఇస్త్రీ చేస్తోంది. ఆ కిటికీయే ఆమె కొట్టు. వీధిలోవాళ్ళు బట్టల మూటలు అందులోంచే అందిస్తారు, అందులోంచే తీసుకుపోతారు. పిల్లా పెద్దా అందరికీ ఆమె ఇస్త్రీ అక్క.

"వాడు పొద్దున్నే మొదలెట్టాడు," అన్నాడతను.

"మొదలెట్టనీ."

"నిన్న తలుపులూ ముందుగది గోడలూ అయిపోయాయి. ఇవ్వాళ వెనకగది గోడలు."

"అవనీ."

"బాల్కనీ కమ్మీలు కూడా వదలడం లేదు."

ఇస్త్రీ అక్క పెట్టెను నిలబెట్టి అతనివైపు తిరిగింది. "ఏమయ్యా, వాడు ఆకాశానికి రంగేసుకుంటే మాత్రం మనకేంటి? ఇల్లు వదిలి పోదామనుకుంటున్నది వాళ్ళు. ఇంటికి ఎక్కువ విలువ కడితే వాళ్ళకి ఎక్కువొస్తుంది, కాబట్టి వేసుకుంటారు. ఉండాల్సినవాళ్ళం మనం. తక్కువ కడితేనే మనకి ఇల్లు మిగులుతుంది. మనం చెయ్యాల్సిందల్లా ఊరికే కూచోవడం. ఊరికే కూచోవడం కూడా రాదా నీకు?"

మేనమామ అన్నదమ్ములిద్దరినీ ఎదురెదురుగా కూచోబెట్టి తేల్చిన మాట అదే. ఇంటికి విలువ కట్టే ఆయన రేపొస్తాడు. ఆయన ఎంతంటే అంత. అందులో సగం తమ్ముడికిచ్చి పెద్దవాడు ఇల్లు ఉంచుకోవాలి. ఇవ్వలేకపోతే అదే లెక్కన తమ్ముడు సగమిచ్చి ఇల్లు తీసుకుంటాడు, పెద్దవాడు సామాను సర్దుకోవాలి. ఆమె కూడబెట్టినదానికి సొసైటీ వాళ్ళు అప్పుగా ఇస్తామన్నది కలిపితే, విలువ తక్కువగా పడితే సరిపోతుంది. ఎక్కువ పడితే ఈ కిటికీ పోయినట్టే.

అందుకని ఆమె ఇంట్లో గట్టిగా చెప్పేసింది. రంగు డబ్బా మూత తియ్యడానికి వీల్లేదు. పెచ్చులు లేచిన చోట చీపురు తగలడానికి వీల్లేదు. అన్నిటికన్నా ముఖ్యం, కిటికీ కింద చెమ్మ మరక మీద చెయ్యి పడకూడదు.

ఆ మరక పాతది. మోకాలెత్తున మొదలై నేలదాకా పాకింది. అంచులు పసుపు, నడుమ నలుపు. లప్పం ఉబ్బి, ముట్టుకుంటే పిండి రాలినట్టు రాలుతుంది. దాని ముందర ఎప్పుడూ ఉండే స్టూలును ఆమె నిన్ననే పక్కకి లాగేసింది, వచ్చినవాడి కళ్ళు నేరుగా దానిమీదే పడాలని.

"ఇన్నాళ్ళూ దీన్ని తిట్టిపోశాను," అంది మరకను చూస్తూ. "ఇప్పుడు చూస్తే ఈ ఇంట్లో మన పక్షాన ఉన్నది ఇదొక్కటే."

అతను నవ్వలేదు. ఊరందరి గోడలకీ రంగేసే మనిషి ఇంటి గోడ ఇలా ఉందేమిటని ఎవరైనా అడిగితే, ఇంటికొచ్చాక చెయ్యి లేవదండీ అని నవ్వేసేవాడు ఒకప్పుడు. ఈమధ్య ఆ నవ్వు రావడం లేదు. స్కూలు పెద్దాయన రంగు పని ఇవ్వడానికి ఇదే కిటికీ దగ్గరికొచ్చి, గదిలో ఇతను ఎదురుగా కనిపిస్తుండగానే, "చిన్నాయన లేడా? అయితే మళ్ళీ వస్తాంలెండి," అని వెళ్ళిపోయిన రోజు నుంచీ.

ఇతను లేచి నిలబడ్డాడని కూడా ఆ మనిషి చూడలేదు.

*

ఎదురింటి దర్జీ నోట్లో గుండుసూదులు పెట్టుకుని మాట్లాడతాడు. సూదులు తీసేసినా అతని మాటలో గుచ్చుకునేది తగ్గదు.

"పెద్ద మేస్త్రీ! బయటికొచ్చి ఒకసారి పైకి చూడవయ్యా. మీవాడు ఏం రంగు కలిపాడు! ఎండ పడితే గోడకి వెన్న రాసినట్టుంది."

"చూశాను."

"ఇక్కణ్ణుంచి చూస్తే గదా అందం. మరి కింద ఎప్పుడు?"

"కింద వెయ్యడం లేదు."

"అదేం?"

"ఊరికే."

దర్జీ చేతిలో గుడ్డను ఇటూ అటూ తిప్పాడు. "అదీ నిజమేలే. పైన ఒకరు, కింద ఒకరు వేస్తే తేడా తెలిసిపోతుంది."

ఎవరి తేడా ఎవరికి తెలుస్తుందో అతను చెప్పలేదు. పెద్ద మేస్త్రి అడగనూ లేదు. లోపలికొచ్చి తలుపు వేసుకున్నాడు. ఇస్త్రీ పెట్టె కింద తడి చొక్కా చుయ్యిమంది.

తలుపు వేసి ఒళ్ళు సర్దుకునేలోపే తమ్ముడు దిగొచ్చాడు. జుట్టునిండా సున్నప్పొడి, మొహం నిండా నవ్వు. చిన్నప్పటి నుంచీ అంతే, పని చేస్తున్నంతసేపూ ఆ మొహం వెలుగుతూనే ఉంటుంది. ఆ నవ్వు చూసే జనం పని ఇస్తారని పెద్దాయన నమ్మకం. అలా నమ్మితే కాస్త తేలిగ్గా ఉంటుంది.

"అన్నయ్యా, పొడుగు నిచ్చెన కావాలి."

"దాని కాలు లూజుగా ఉంది."

"తాడేసి కట్టుకుంటాలే."

"కడితే ఆగదు."

ఇస్త్రీ అక్క తలెత్తి మొగుడివైపు చూసింది. మొన్ననే అతను ఆ నిచ్చెనకి కొత్త మేకులు కొట్టాడు. ఆ మాట ఆమె బయటికి అనలేదు. మళ్ళీ చొక్కా మీదకి వంగింది.

"సరేలే, బల్లలు వేసుకుంటా," అన్నాడు తమ్ముడు. వెళ్ళబోయి ఆగాడు. "ఒక్కసారి పైకొచ్చి రంగు చూసి చెప్పవా? నీ కన్ను పడితేగానీ నాకు నమ్మకం ఉండదు."

"నాకు పనుంది."

"ఏం పని?" అంది ఇస్త్రీ అక్క. ఊరికే కూచోవాల్సిన మనిషికి ఏం పనుంటుందని ఆమె ఉద్దేశం. అతనికి అది వేరేగా వినపడింది. పని లేని మనిషివి కదా అన్నట్టు వినపడింది. చెప్పులు కూడా వేసుకోకుండా మెట్లెక్కాడు.

*

పైన ముందుగది వెలుగుతోంది.

అతను తలుపు దగ్గరే నిలబడి ముందు మూలలు చూశాడు. చేతకానితనం ఎప్పుడూ మూలల్లో దాక్కుంటుంది. మూలలు కత్తితో కోసినట్టున్నాయి. స్విచ్చుల చుట్టూ చూశాడు. ఒక్క చుక్క చెదరలేదు. అప్పుడు గోడ దగ్గరికెళ్ళి, చెంప ఆనీఆనకుండా పెట్టి, ఒక కన్ను మూసి గోడ పొడుగునా ఏటవాలుగా చూశాడు. అలా చూస్తే ఎంతటివాడి పనిలోనైనా అలలు కనిపిస్తాయి. లప్పం ఎక్కువైన చోట గుట్ట, తక్కువైన చోట గుంట.

గోడ నీళ్ళు నిలిచిన చెరువులా ఉంది.

ఒకప్పుడు ఇదే తమ్ముడు బ్రష్షు తిరగేసి పట్టుకుంటే మణికట్టు మీద కొట్టి సరిచేశాడు. ఆ చెయ్యేనా ఇది? ఎప్పుడు నేర్చుకున్నాడు? తను ఏ పనిమీద ఎక్కడ ఉండగా నేర్చుకున్నాడు?

"ఏం బావగారూ, తప్పు దొరికిందా?" అని నవ్వింది మరదలు వంటింటి గుమ్మంలోంచి. ఆమె మోచేతులదాకా సబ్బు నురగ. పాత పలకలన్నీ తోముతోంది. "పొద్దుటి నుంచీ ఈయనకి అదే గొడవ. అన్నయ్య వస్తే ఏమంటాడో, అన్నయ్య వస్తే ఏమంటాడో అని."

"బాగానే ఉంది," అన్నాడతను.

తమ్ముడి మొహంలో నవ్వు కాస్త తగ్గింది. "బాగుందా, బాగానే ఉందా?"

"బాగానే ఉంది."

బకెట్లోకి కుళాయి నీళ్ళు పడుతున్న చప్పుడు మాత్రం వినిపించింది. మరదలికి అలా మాటల్లేకపోవడం గిట్టదు. ఏదో ఒక మాట వేసి పూడ్చేస్తుంది.

"మామయ్య ఫోన్ చేశారు బావగారూ. వచ్చే ఆయన పై వాటా వేరే, కింది వాటా వేరే చూస్తాడట. ఏది ఎలా ఉందో విడివిడిగా రాస్తాడట."

"విడివిడిగానా?"

"ఆఁ. ఏది మెరుగో, ఏది నాసో తెలిసిపోతుందన్నమాట." చెయ్యి విదిల్చి, "కింద ఎలాగూ చెమ్మ కదా, పాపం," అంది.

ఆ పాపం అన్న ముక్క వినగానే అతను మెట్లవైపు తిరిగాడు.

తమ్ముడు పెళ్ళాంవైపు ఒక చూపు చూసి, అన్నతోపాటు మెట్లదాకా వచ్చాడు. గొంతు తగ్గించి, నేలవైపు చూస్తూ అన్నాడు. "అన్నయ్యా, కింద నువ్వేం పెట్టుకోకు. ఎలా ఉన్నది అలాగే ఉండనీ. అలా ఉంటేనే నీకు మంచిది."

ఇల్లు అన్నకే మిగలాలని ఆ మాటలో ఎంత ఉందో, చెవి బాగున్న వాడికైతే వినపడేది. పెద్ద మేస్త్రి చెవి ఆ పూట బాగాలేదు. నీవల్ల కాదు, నువ్వు వేసినా నా పక్కన ఆనదు, అన్నట్టే వినపడింది.

*

మధ్యాహ్నం భోజనాలయ్యాక ఇస్త్రీ అక్క మడతపెట్టిన బట్టల మూట నెత్తికెత్తుకుంది. "ఇళ్ళకి ఇచ్చొస్తా. డబ్బా మూత తియ్యకు."

"తియ్యను."

"నా మొహం చూసి చెప్పు."

"తియ్యనంటున్నానుగా!"

ఆమె వెళ్ళింది. అతను స్టూలు మీద కూచున్నాడు. ఎదురుగా మరక. మరక అతన్ని చూస్తోంది, అతను మరకను చూస్తున్నాడు. రేపు ఆ వచ్చేవాడు పైన చూసి, అబ్బ అని, మెట్లు దిగి ఇక్కడికొచ్చి, అయ్యో అంటాడు. మేనమామ వింటాడు. మరదలు మెట్ల మీద నిలబడి వింటుంది. దర్జీ సూదులు నోట్లోంచి తీసి మరీ వింటాడు. వీధంతా పాకుతుంది. చిన్న మేస్త్రి వాటా మెరుగట, పెద్ద మేస్త్రిది నాసట.

ఊడేవి ఊడగొట్టి వదిలేద్దాం, రంగు ముట్టుకోనక్కర్లేదు కదా అనుకున్నాడు. పెచ్చులు గీకాడు. గీకితే లోపలి ఇటుక బయటపడి ఇంకా వికారంగా తయారైంది. దాన్ని ఇలా ఎలా వదలడం? కొంచెం లప్పం పెట్టాడు. తడిగోడ మీద లప్పం పట్టదు, జారిపోయింది. ముందు ఆరాలి. ఆ గోడ దానంతటది ఆరాలంటే ఎండాకాలం రావాలి.

అటూ ఇటూ చూశాడు. చూపు ఇస్త్రీ పెట్టె మీద పడింది.

తీగ తగిలించి, పెట్టె కాలాక, గోడకి వెంట్రుకవాసి ఎడంలో పట్టుకుని, మెల్లగా పైకీ కిందికీ నడిపాడు. గోడలోంచి పొగలా ఆవిరి లేచింది. నవ్వొచ్చింది అతనికి, ఆ రోజు మొదటిసారి. తమ్ముడికి ఈ జన్మలో తట్టేదా ఇది? గోడకి ఇస్త్రీ! రెండు మూడు చోట్ల చెయ్యి అలిసి పెట్టె గోడకే ఆనింది. పెద్దగా పట్టించుకోలేదు.

గోడ పైపైన ఆరింది. లప్పం పట్టింది. గరుకు కాగితంతో రుద్దాడు. ఇక అంత నున్నటి చోటు పక్కనంతా పాత గోడ ఉంటే, మొహం కడుక్కుని మెడ మరిచిపోయినట్టుంది. మూత తీశాడు.

తమ్ముడిది వెన్న రంగు. వెన్న ఎవడైనా కలుపుతాడు. ఇతను లేత ఆకుపచ్చ తీసుకుని, అందులోకి చిటికెడు నలుపు వదిలాడు. నలుపు పడితే రంగు చావాలి గానీ, పడాల్సినంతే పడితే రంగుకి ప్రాణం వస్తుంది. ఎంత పడాలో తెలియడమే పని. బొటనవేలి గోరు మీద చుక్క పెట్టుకుని, ఆరేదాకా ఊదుతూ, వెలుగుకి తిప్పి చూశాడు. తమ్ముడికి అన్నీ నేర్పాడు గానీ ఈ నలుపు సంగతి నేర్పలేదు. ఎన్నిసార్లు అడిగినా, చూస్తూ ఉంటే నీకే వస్తుందిలే అన్నాడు. వాడు చూడబోయినప్పుడల్లా అటు తిరిగి కలిపేవాడు.

ఒక గోడ అయ్యేసరికి రెండో గోడ ముసలిదైపోయినట్టు కనిపించింది. రెండోది అయితే మూడోది. నిచ్చెన తెచ్చుకున్నాడు. కాలు ఏమాత్రం కదల్లేదు.

*

ఇస్త్రీ అక్క గుమ్మంలోనే ఆగి ఒక్కొక్క గోడే చూసింది.

అతను నిచ్చెన మీదనుంచి దిగలేదు. దిగితే మొహం చూడాల్సి వస్తుంది. బ్రష్షు మాత్రం నడుపుతూనే ఉన్నాడు.

"మరక ఏది?" అంది చివరికి. ఇంట్లో మనిషి తప్పిపోతే అడిగినట్టు అడిగింది.

"చూడ్డానికి బాగాలేదని…"

"చూడ్డానికి బాగుండకూడదనే కదా నా ఏడుపు!"

లోపలికొచ్చింది. బల్ల మీద ఇస్త్రీ పెట్టె వెల్లకిలా పడి ఉంది. అడుగునంతా లప్పం మాడి, రాయిలా అతుక్కుంది. ఆమె దాన్ని రెండు చేతుల్తో ఎత్తి వెలుగులోకి తెచ్చింది.

"ఇదేంటి?"

అతను బ్రష్షు డబ్బాలో ముంచాడు.

"నా పెట్టెతో గోడకి ఇస్త్రీ చేశావా?"

"ఆరలేదు మరి."

ఆమెకి నవ్వొచ్చిందో ఏడుపొచ్చిందో అతనికి తెలియలేదు. గొంతులోంచి ఏదో చప్పుడు వచ్చింది, మధ్యలోనే ఆగిపోయింది. కొంగు తడిపి పెట్టె అడుగు రుద్దడం మొదలుపెట్టింది. గోరుతో గీకింది. మంచి చొక్కా మీద పెడితే చారలు పడే గీతలు కనిపిస్తున్నాయి. రుద్దుతూనే మాట్లాడింది, అతనివైపు చూడకుండా.

"ఎవరు చూడాలని వేశావు?"

"రేపొచ్చే ఆయన…"

"కాదు. నీ తమ్ముడు చూడాలని వేశావు."

"నాకేం ఓర్వలేనితనం?"

"నేను ఆ మాట అన్లేదే."

అతను నిచ్చెన దిగాడు. డబ్బా నేల మీద పెట్టాడు.

"నాకు మాత్రం కళ్ళు కుట్టవనుకున్నావా?" అంది ఆమె. "నీ మరదలు ఈ ఇంటికి వచ్చిన నాటి నుంచీ పైన గాలీ వెలుగూ దానివి, కింద చెమ్మా ఆవిరీ నావి. అది బాల్కనీలో జుట్టు ఆరబెట్టుకుంటుంటే ఆ నీటిచుక్కలు నేను ఇస్త్రీ చేసిన బట్టల మీద పడేవి. ఏనాడైనా నోరు తెరిచానా? మింగాను. మింగి, ఈ కిటికీ పట్టుకుని నిలబడ్డాను. పోనీలే, రేపు ఇల్లు మనదవుతుంది, కిటికీ నాదవుతుంది అనుకున్నాను. నువ్వు ఒక్కపూట మింగలేకపోయావు."

"ఇప్పుడేం చెయ్యమంటావ్?"

"ఇక్కడితో ఆపెయ్. సగం రంగు, సగం పెచ్చులు. ఇంకా అసహ్యంగా ఉంటుంది. ఇంకా తక్కువ కడతాడు."

"సగంలోనా?" అతని గొంతు లేచింది. "పెయింటరు ఇల్లు సగంలో వదిలేశాడంటే జనం ఉమ్మెయ్యరూ?"

ఆమె పెట్టెను బల్ల మీద పెట్టింది. మొగుణ్ణి పైనుంచి కిందిదాకా ఒకసారి చూసింది. ఎప్పుడూ చూసే చూపు కాదది. లోపలికెళ్ళి వంటింటి తలుపు దగ్గరకి వేసుకుంది.

చీకటి పడేలోపు నాలుగో గోడ కూడా అయిపోయింది.

*

విలువ కట్టే ఆయన సన్నగా, జలుబు చేసిన మనిషి. భుజాన సంచి, చేతిలో కొలత టేపు. కొత్త రంగు వాసనకి గుమ్మంలోనే తుమ్మాడు. మేనమామ వెనకే వచ్చి, కుర్చీ కోసం వెతికి, దొరక్క గోడకి ఆనుకోబోయి, తడి ఉందేమోనని ఆగాడు.

ముందు పైకెళ్ళారు. ఆ మనిషి కుళాయిలు తిప్పి చూశాడు. తలుపులు తీసి వేసి చూశాడు. కర్రతో కప్పు మీద కొట్టి విన్నాడు. గోడల్ని మాత్రం దారిన పోయే మనిషిని చూసినట్టు చూశాడు. చిన్న మేస్త్రి ఆగలేకపోయాడు.

"రంగు మొన్ననే వేశామండీ."

"రంగుకి నేనేం కట్టనండీ," అన్నాడాయన ముక్కు తుడుచుకుంటూ. "ఇవ్వాళ ఉంటుంది, రేపు పోతుంది. నాకు కావాల్సింది దాని వెనకున్నది."

అన్నదమ్ములిద్దరి మొహాలూ ఒక్కసారే చిన్నబోయాయి. ఒకే దెబ్బ ఇద్దరికీ తగిలింది. చాలా రోజుల తర్వాత ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. పెద్దవాడే ముందు చూపు తిప్పుకున్నాడు.

కింద కిటికీ దగ్గర ఇస్త్రీ అక్క పని ఆపలేదు. గీతలు పడ్డ పెట్టె కింద పాత గుడ్డ వేసి నెట్టుకొస్తోంది. తమ్ముడు గుమ్మం దాటి ముందుగదిలోకి రాగానే ఆగిపోయాడు. నాలుగు గోడలూ చూశాడు. ఆ లేత ఆకుపచ్చ మీద చూపు నిలిచింది. అతని నోరు కొంచెం తెరుచుకుంది. అబ్బ అనలేదు గానీ, అన్నట్టే ఉంది. పెద్ద మేస్త్రి గుండె నిండిపోయింది.

తర్వాత తమ్ముడి చూపు కిటికీ కిందికి జారింది. మొహం మారింది. మెల్లగా వదినవైపు తిరిగాడు. వదిన తలెత్తలేదు.

విలువ కట్టే ఆయన కూడా అక్కడే నిలబడ్డాడు. "ఇంత పాత ఇంట్లో కింది వాటాకి ఇంత కొత్త రంగంటే ఒక మాట అడగాలండీ. చెమ్మ ఏమైనా ఉందా?"

ఇస్త్రీ పెట్టె చప్పుడు ఆగింది.

ఉందీ అంటే చాలు. ఆ ఒక్క మాటతో విలువ తగ్గుతుంది, ఇల్లు మిగులుతుంది, కిటికీ మిగులుతుంది. పెద్ద మేస్త్రికి అదంతా తెలుసు. కానీ మరదలు మెట్ల మీద నిలబడి ఉంది. వీధికి అవతల దర్జీ మెడ కొట్టులోంచి బయటికొచ్చి ఉంది. ఇంత రంగేసి, దానికింద చెమ్మ దాచానని ఈ జనం ముందు, వీడి ముందు చెప్పడమా?

"లేదు," అన్నాడు.

"ఈ కిటికీ కింద?"

"లేదన్నానుగా."

"ఉందండీ," అన్నాడు తమ్ముడు.

అందరూ అటు తిరిగారు. మరదలు మెట్ల మీదనుంచి, "ఏమండీ!" అంది. ఎక్కువ కడితే మనకే కదా లాభం అన్నదంతా ఆ పిలుపులోనే ఉంది.

తమ్ముడు ఆమెవైపు చూడలేదు. "ఎప్పటి నుంచో ఉంది. మోకాలెత్తున ఉంటుంది. రంగు పైపైన వేసింది, అంతే. లోపల గోడ పనికిరాదండీ. రాసుకోండి."

"నోరుముయ్!" పెద్ద మేస్త్రి గొంతుకి పైనున్న పావురాలు లేచిపోయాయి. "నా గోడ పనికిరాదా? నీ చేత చెప్పించుకునే గతి పట్టిందా నాకు?"

"అన్నయ్యా, నేను చెప్పేది…"

"పని నేర్పినవాడి గోడకి వంకలు పెట్టేంతవాడివయ్యావ్. పదిమందిలో నన్ను దించితేగానీ నీకు ముద్ద దిగదు."

తమ్ముడి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "వదినా, నువ్వైనా చెప్పు," అన్నాడు.

ఇస్త్రీ అక్క మొగుడివైపు చూసింది. మాట నీది, నీ నోటితోనే రావాలి అన్నట్టు చూస్తూ ఉండిపోయింది.

విలువ కట్టే ఆయన కిటికీ కింద అరచెయ్యి ఆనించాడు. గోడ పొడిగానే తగిలింది. "ఇప్పటికైతే తడి లేదు. ఇక్కడ ఉండేది మీరండీ, మీ మాటే రాసుకుంటాను. ఉందా, లేదా?"

"ఒరే పెద్దోడా, నిదానంగా ఆలోచించి చెప్పరా," అన్నాడు మేనమామ. ఆయన అంత మెత్తగా మాట్లాడటం ఎవరూ ఎరగరు.

"నేను చెయ్యి వేసిన గోడకి చెమ్మ రాదు. రాసుకోండి."

రాసుకున్నాడు.

వెళ్తూ వెళ్తూ గుమ్మంలో తుమ్మి, మేనమామతో అన్నాడు. "చూస్తే కింది వాటాయే మెరుగండీ. వీధివైపు కిటికీ ఉంది, దానిమీద కొట్టు నడుస్తోంది. దానికే కొంటారు ఎవరైనా. సాయంత్రం కబురు చేస్తాను. మీరు అనుకున్నదానికన్నా బాగా పైనే ఉంటుంది."

కింది వాటాయే మెరుగు. దర్జీ కూడా విన్నాడు. పెద్ద మేస్త్రి తమ్ముడివైపు తిరిగాడు, ఓడిన మొహం ఎలా ఉంటుందో చూద్దామని. తమ్ముడు అప్పటికే మెట్లెక్కుతున్నాడు, మెల్లగా, జబ్బుపడ్డవాడిలా. మేనమామ చెప్పులు వేసుకుంటూ, "అంత నీవల్ల అవుతుందిరా?" అని అడిగి, జవాబు కోసం చూడకుండానే వెళ్ళిపోయాడు.

గదిలో వాళ్ళిద్దరే మిగిలారు.

ఇస్త్రీ అక్క పెట్టె తీగ పీకి చుట్టింది. ఇవ్వాల్సిన బట్టలు ఒక పక్కకి సర్దింది. కొంగుతో మొహం తుడుచుకుని, అతని పక్కనుంచి, అతను తలుపో కుర్చీయో అయినట్టు తప్పుకుని వెళ్ళి మెట్లెక్కింది. పైకి ఎప్పుడూ వెళ్ళని మనిషి.

అతను మెట్ల కిందికొచ్చి నిలబడ్డాడు. మాటలు స్పష్టంగా వినిపిస్తున్నాయి.

"చెల్లీ, ఇల్లు ఇక మీకే వస్తుంది," అంటోంది భార్య. గొంతులో వణుకు లేదు. "వచ్చాక ఆ ముందుగది నాకు అద్దెకిస్తావా? కిటికీ దగ్గర నా బల్ల పట్టేంత చోటు చాలు. అద్దె నెలనెలా తెచ్చిస్తాను."

"అయ్యో, అదేం మాట అక్కా!"

"ఇస్తావా, ఇవ్వవా?"

పైన కాసేపు మాటల్లేవు. మరదలు ఏ ఖాళీనైనా మాటలతో పూడ్చేసే మనిషి. ఈసారి పూడ్చలేదు. తర్వాత చాలా నెమ్మదిగా, అడగొచ్చో లేదో తెలియనట్టు అడిగింది.

"నీ ఒక్కదానికేనా అక్కా, బావగారికి కూడానా?"

పెద్ద మేస్త్రి మెట్ల కమ్మీ పట్టుకున్నాడు. పైనుంచి భార్య గొంతు వినపడుతుందని చెవి పెట్టి నిలబడ్డాడు.

ఆమె ఇంకా ఏమీ చెప్పలేదు.